‘అనువైన ప్రదేశమున’: మంచెసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

అడవిపందుల బెడద గల రైతులు తమ పొలమునందు అనువైన ప్రదేశమున మంచె నిర్మించుకొని, తగు జాగ్రత్తలతో రాత్రి కాపలా ఉండవలెను.

అవతారిక

ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. వేదంలాగే ఇదీ అపౌరుషేయం. రైతు సభల్లో మైకు ముందూ, పంచిపెట్టే కరపత్రాల చివరి పేరాలోనూ, పొలం మొహం చూసి ఏళ్లయిన పెద్దమనుషుల వరండా కబుర్లలోనూ మాటలు అటూ ఇటూ మారి వినిపిస్తూనే ఉంటుంది. ఆ పాఠాలన్నీ వడకట్టి పై వాక్యం నేనే కూర్చాను. పాఠాంతరాలు కావలసినవారికి మైలవరం, నూజివీడు, తిరువూరు వైపు ఏ రచ్చబండ దగ్గర అడిగినా దొరుకుతాయి.

వ్యాఖ్యానానికి పూనుకున్నవాడు ముందుగా మల్లినాథసూరికి దండం పెట్టుకోవాలి. మెతుకుసీమ కొలిచెలమ వారి మహానుభావుడు. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం రాశాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కలం పట్టాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటున్నాను. రెండోది నా వల్ల కాదు. అక్కర్లేనివన్నీ తీసేస్తే ఈ మూలంలో వ్యాఖ్యానించడానికి పంది ఒక్కటే మిగులుతుంది.

ప్రతిపదార్థం

రైతులు, పొలము, రాత్రి, కాపలా: స్పష్టం. తేలిక మాటకు పది అర్థాలు రాసి, కొరుకుడు పడని మాట దగ్గరికి రాగానే ‘స్పష్టము’ అని దాటిపోవడం మన వ్యాఖ్యాతల్లో కొందరికి పరంపరగా వచ్చిన విద్య. దాన్ని నేను తిరగేసి వాడుతున్నాను.

బెడద గల: ‘గల’ అన్నది సాధారణంగా సొమ్ము పక్కన చేరే మాట. భూమి గలవాడు, విద్య గలవాడు, పలుకుబడి గలవాడు. ఆ వరసలోనే బెడద గల రైతు. కాబట్టి బెడద అతని స్వార్జితం. అందులో పందికి భాగం లేదు, దాన్ని సాకిన అడవికి అంతకన్నా లేదు. ఎవరి ఆస్తిని వాళ్లే కాపాడుకోవడం లోకధర్మం గనక, సూత్రంలో మిగతా భాగం ఈ ఒక్క మాటలోంచే పుట్టుకొస్తుంది.

నిర్మించుకొని: ఇక్కడి సొగసంతా ‘కొను’లో ఉంది. ‘నిర్మించి’ అంటే ఎవరైనా నిర్మించవచ్చు. ‘నిర్మించుకొని’ అనగానే ఫలమూ కర్తదే, ఖర్చూ కర్తదే. నాలుగు సరుగుడు బాదులు, అడ్డం వేయడానికి వెదుళ్లు, పైకి తాటాకు గానీ బరకం గానీ, బిగించడానికి తాడు, ఎక్కడానికి నిచ్చెన, ఇవన్నీ చేసిపెట్టే కూలీ. ఇంత బరువును రెండక్షరాల ప్రత్యయంలో కూరి అవతలివాడి నెత్తిన పెట్టడం సామాన్యమైన వ్యాకరణజ్ఞానం కాదు. చిన్నయసూరి చూసి ఉంటే ముచ్చటపడేవాడు.

అనువైన: అసలు చిక్కు ఇది. ఎవరికి అనువైన? కొఱకున్, కై అని చతుర్థి ఒకటి వేసి ఉంటే పీడా పోయేది. వేయలేదు. అందువల్ల మూడు మతాలు బయల్దేరాయి. రైతుకు అనువైన చోటని కొందరు. అలా అయితే అది అతని పడకగది. పందికి అనువైన చోటని కొందరు. అది పొలం నడిమధ్య, మొక్కజొన్న కండెలు బాగా పాలు పోసుకున్న చోట. మూడో మతం ప్రకారం చూడటానికి వచ్చినవారికి అనువైన చోటు. తారురోడ్డు మీంచి కనిపించేలా మంచె కడితే జీపు దిగకుండానే ఫోటో తీసుకోవచ్చు. మొదటి రెండు మతాలకు అనుమానప్రమాణం తప్ప వేరే దిక్కు లేదు. మూడోదానికి ప్రత్యక్షప్రమాణం ఉంది.

విశేషం

మంచెశాస్త్రానికి ఆదిపురుషుడు మనకు ప్రతి శివరాత్రికీ గుర్తొస్తూనే ఉంటాడు. శివపురాణంలోని వ్యాధుడు, పేరు గురుద్రుహుడు. ఇంట్లో పిల్లలు పస్తు. పగలంతా అడవి తిరిగినా ఒక్క జంతువు కంటపడలేదు. పొద్దు వాలాక ఒక నీటిపట్టు దగ్గరికి చేరి, దాహానికి ఏదో ఒకటి రాకపోదులే అని పక్కనే ఉన్న మారేడు చెట్టెక్కి కూర్చున్నాడు. కింద శివలింగం ఉన్న సంగతి వాడికి తెలియదు. జాముకొకటి చొప్పున ఒక ఆడజింక, దాని చెల్లెలు, బలిసిన మగజింక వస్తాయి. వాడు విల్లు ఎక్కుపెట్టినప్పుడల్లా మారేడు ఆకులూ, తెచ్చుకున్న నీళ్లూ కిందికి రాలుతాయి. ప్రతి జింకా పిల్లల్ని అప్పగించి వస్తానని మాట ఇచ్చి వెళుతుంది, మాట ప్రకారం తిరిగి వస్తుంది. చివరికి వ్యాధుడి మనసు కరుగుతుంది, శివుడు ప్రత్యక్షమవుతాడు. వాడే రాముడి నేస్తం గుహుడు.

భక్తులకు ఇది వ్రతకథ. నాబోటివాడికి చోటు ఎంపిక మీద సోదాహరణ గ్రంథం. పద్దు వేసి చూద్దాం. నీటి పక్కన కూర్చోవడం మంచి ఎంపిక. తిండి దొరికేచోటు రోజుకోలా మారవచ్చు గానీ, ఎండలు ముదిరే మాఘ ఫాల్గుణాల్లో అడవిలో నీళ్లు నాలుగు చోట్లే ఉంటాయి. చెట్టెక్కడం ఇంకా మంచి ఎంపిక. జింకజాతి తల ఎత్తి పైకి చూడటం తక్కువ, పైగా మనిషి కంపు నేలబారున పోకుండా దాని ముక్కు మీదుగా దాటిపోతుంది. తాగే నీళ్లు వెంట తీసుకెళ్లడం నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి. మధ్యలో దాహమేసి దిగాడా, నీటిగట్టు నిండా వాడి అడుగుల వాసనే.

ఇక తప్పులు. మారేడుకు ముళ్లుంటాయి. రాత్రంతా కదలకుండా కూర్చోవలసినవాడు ముళ్లచెట్టు ఎక్కడమేమిటి? రెండు, మాఘ బహుళ చతుర్దశి. చంద్రుడు తెల్లవారబోతుండగా గానీ రాడు. ఆ చీకట్లో బాణం వేసి ఏం సాధిద్దామని? మూడు, ఆకులు రాలడం. నాలుగు, నీళ్లు ఒలకడం. చెట్టు మీద ఒక్క ఆకు కదిలితే చాలు, జింక పది అడుగులు ఎగిరి పడుతుంది. అయిదోది క్షమించరాని నేరం: వేటతో సంభాషణ. ఏ వేటశాస్త్రంలో చూసినా వీడికి సున్న మార్కులే. శివుడు మాత్రం ఆ సున్నకే కైవల్యం ఇచ్చాడు. చోటు సరిగ్గా ఎంచుకుని, చేయవలసిన పని పూర్తిగా చెడగొట్టుకున్నందుకు మోక్షం దక్కిన ఉదాహరణ సాహిత్యంలో నాకు ఇంకొకటి కనబడదు. శ్రీనాథుడంతటివాడు శివరాత్రి మాహాత్మ్యం రాస్తూ ఈ వ్యాధుణ్ణి వదిలి సుకుమారుడి కథ పట్టుకున్నాడు. వ్యాధుడు ఆయన చేతిలో పడితే ఆ మారేడు కొమ్మకు కనీసం ఒక సీసం దక్కేది. మంచెసాహిత్యానికి తీరని లోటు.

నీటి పక్కన కాపు వేసిన రెండో ప్రసిద్ధుడు దశరథుడు. యువరాజుగా ఉన్నప్పుడు, వానాకాలం రాత్రి, సరయూ తీరంలో. నీటికొచ్చే ఏనుగో దున్నపోతో చిక్కుతుందని ఆశ. కుండ మునుగుతున్న చప్పుడు విని ఏనుగు అనుకుని శబ్దవేధి వదిలాడు. శ్రవణకుమారుడి సంగతి అందరికీ తెలుసు. వ్యాధుడికి చీకట్లో కళ్లు చాలలేదు, దశరథుడికి చెవులు ఎక్కువయ్యాయి. చోటెంపికకు ఇక్కడ తేలే నియమం ఒకటే. జంతువు నీళ్లకు వచ్చే చోటికి మనిషి కూడా వస్తాడు, అలాంటి చోట ఆయుధంతో కూర్చోకూడదు.

ఈ ఒక్క నియమం దగ్గర మాత్రం పరిహాసం సాగదు. రాత్రిళ్లు మేలుకుని కూర్చోలేక పొలం చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ పరిచేవాళ్లున్నారు. శబ్దవేధికి చెవి అయినా ఉంది. తీగకు అదీ లేదు. పందీ, పక్క పొలం వాడి గేదే, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన మనిషీ దానికి ఒకటే. తీగ పరిచినవాడే తాకి పోయిన సందర్భాలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. ‘తగు జాగ్రత్తలతో’ అన్న రెండు ముక్కల బదులు ‘తీగ పరవకండి, మనుషులు చస్తారు’ అని రాస్తే కరపత్రానికి ఏం తక్కువయ్యేది?

పూర్వపక్షం

‘వేట వేరు, కాపలా వేరు, వ్యాధుడితో రైతుకేమి పోలిక?’ అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. నాకు కావలసిందీ అదే. ఈ తేడా నాకు తెలుసు, ఆక్షేపించేవారికీ తెలుసు, సూత్రకారుడికే తెలిసినట్టు లేదు.

చోటు ఎంపిక గురించి సభల్లో వినిపించే మాటల్లో సగం పాతకాలపు షికారు పరిభాష. తెల్లదొరల కాలం నుంచీ, వాళ్ల వెంట తిరిగిన జమీందార్ల నుంచీ దిగివచ్చిన సంప్రదాయాన్ని షికారీ మతం అందాం. దాని సిద్ధాంతాలు ఇవి. గాలి జంతువు మీంచి నీ వైపుకు వీచే చోట కూర్చో. మంచెను నాలుగు రోజుల ముందే కట్టి వదిలేయి, జంతువు దానికి అలవాటు పడనీ. పొద్దుండగానే ఎక్కేయి. నీ వెనక ఆకాశం కనిపించకూడదు, చెట్టు మాను ఉండాలి, లేకపోతే నీ ఆకారం తెలిసిపోతుంది. జంతువు దారికి అడ్డంగా నడవకు. దగ్గకు, చుట్ట ముట్టించకు.

ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు, చంపదలచుకున్నవాడికి. కాపలావాడికి మాత్రం ఆమూలాగ్రం తలకిందులు. పంది తనను పసిగట్టకూడదని వేటగాడు చూస్తాడు, పొలానికి ఫర్లాంగు దూరంలోనే పసిగట్టి వెనుదిరగాలని రైతు చూస్తాడు. పందికి చూపు మందం, ముక్కు మాత్రం మహాతీక్ష్ణం. కాబట్టి గాలి రైతు మీంచి పంది వైపుకు పోవాలి. చుట్ట కాల్చాలి. దగ్గాలి. వీలైతే పాడాలి. మొక్కజొన్న కండె పాలు పట్టే మాఘ ఫాల్గుణాల్లో సాయంత్రం పైరగాలి దక్షిణం నుంచి లేస్తుంది. ఉత్తరాన చిట్టడవి ఉన్న పొలంలో దక్షిణపు గట్టున మంచె వేస్తే మనిషి వాసన తిన్నగా అడవిలోకి పోతుంది. కాపలాకు అది దివ్యమైన చోటు, షికారీకి దండగ. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కొండ అంచు పొలాల్లో రాత్రి ముదిరేకొద్దీ వాలు మీది గాలి చల్లబడి కిందికి జారుతుంది. అప్పుడు వాసన అడవి వైపు కాక ఊరి వైపు పోతుంది. జనం సరిగ్గా కునికే వేళకు లెక్క తారుమారు. పైగా పంది నిత్యవిద్యార్థి. ఈ వాసన వెనక తుపాకీ లేదనీ, డబ్బా మోత ఒక్కటే ఉందనీ గ్రహించాక ఆ మోతకు కూడా అలవాటు పడి తన పని తాను చూసుకుంటుంది.

ఇవేవీ పుస్తకాల్లోంచి తీసినవి కావు. మైలవరం వైపు వ్యవసాయం చేసే మా చిన్నాన్న కొడుకు చెప్పినవి. వాళ్ల ఊరికి సలహా ఇవ్వడానికి వచ్చిన ఒక పెద్దమనిషిని అతను నిలబడి అడిగాడట, ‘అనువైన చోటంటే ఎక్కడండీ?’ అని. ‘అది మీ అనుభవాన్ని బట్టి చూసుకోవాలి’ అని జవాబు. వ్యాఖ్యాతను అర్థం అడిగితే, అర్థం నీకు తెలిసే ఉంటుంది, నువ్వే చెప్పుకో అన్నాడన్నమాట. మరి వాక్యం దేనికి?

ధర్మశాస్త్ర విచారం

మనువు రాజుల కామజ వ్యసనాలు పదింటిలో వేటను మొదట లెక్కపెట్టాడు. కౌటిల్యుడు అంత కఠినంగా లేడు. వేటలో వ్యాయామం ఉంది, కఫమూ పిత్తమూ కొవ్వూ తగ్గుతాయి, కదిలే గురినీ నిలిచిన గురినీ కొట్టే నేర్పు వస్తుంది అన్నాడు. శాకుంతలం రెండో అంకంలో సేనాపతీ ఆ పాటే పాడతాడు, విదూషకుడు మాత్రం వేళకు తిండి లేదు, నిద్ర లేదు, ఒళ్లు హూనమైందని గోలపెడతాడు. కఫం మాట దగ్గర కౌటిల్యుడికి నా మనవి ఒకటుంది. తాటాకు సందుల్లోంచి మంచు చుక్కలుగా కారే రాత్రి మంచె మీద కూర్చున్నవాడికి కఫం తగ్గదు. రాజు గుర్రం మీద పరుగెత్తితే తగ్గుతుందేమో. వేట గుణాలన్నీ రాజుకు పోయి, విదూషకుడి బాధలన్నీ రైతుకు మిగిలాయి.

అర్వాచీన ధర్మశాస్త్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. దాన్ని చేయమని కేంద్రాన్ని కోరుతూ శాసనసభల్లో తీర్మానాలు చేసిన రాష్ట్రాల పేర్లు ఆనాటి పీఠికలో ఉన్నాయి. మొదటి పేరు ఆంధ్రప్రదేశ్. చట్టం నాకు ఇష్టమే. అది లేకపోతే ఈపాటికి నల్లమల కణితి జింకను కూడా కొండపల్లి బొమ్మల్లోనే చూసుకునేవాళ్లం. వేటకు అది ఇచ్చిన నిర్వచనం చూస్తే మల్లినాథుడు కూడా మెచ్చుకుంటాడు. చంపడమే కాదు, విషం పెట్టడం, పట్టడం, ఉచ్చు వేయడం, తోలడం, ఎర పెట్టడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. ‘తోలడం’ అన్నచోట నా వ్యాఖ్యాత బుద్ధి కాస్త ఆగింది. అడవిలో జంతువును తుపాకీ మీదికి తోలడం దాని ఉద్దేశం, తెలుసు. కానీ అక్షరం పట్టుకు వేలాడేవాడు ఒకడు ఎదురైతే, డబ్బా కొట్టి పందిని తోలిన రైతును ఏమంటాడో! అదే చట్టం 11వ సెక్షన్ పొలంలో నిలిచి ఉన్న పైరును కూడా ఆస్తిగానే గుర్తించింది. దానికి ప్రమాదమైనప్పుడు అధికారి కారణాలు రాసి, ఉత్తర్వు ఇచ్చి అనుమతించవచ్చునంది. సూత్రంలో ఆ సెక్షన్ ఊసే లేదు. మంచె కట్టుకో అనడం తేలిక, కారణాలు రాసి సంతకం పెట్టడం కష్టం.

బెజవాడ వాణ్ణి గనక ఇంద్రకీలాద్రి మాట ఎత్తకుండా ముగించలేను. అర్జునుడు తపస్సు చేసిందీ, కిరాతవేషంలో శివుడు వచ్చిందీ మా కొండ మీదే. భారవి దాన్ని హిమాలయాల్లో పెట్టాడని గొణిగే పండితులకు మా ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు. అక్కడ తగువు పంది గురించే. మూకాసురుడు పంది రూపంలో వచ్చాడు, ఇద్దరి బాణాలూ ఒక్కసారే తగిలాయి. పంది నాదంటే నాదని దేవుడూ నరుడూ మల్లయుద్ధానికి దిగారు. కొండ దిగి ఉత్తరంగా మైలవరం దారి పడితే, అక్కడ పందికి హక్కుదారే లేడు. పైరు తిన్నదని ఒక ఆఫీసుకు పోతే అది అడవి హద్దు దాటి వచ్చింది, మా పరిధి కాదంటారు. ఇంకో ఆఫీసుకు పోతే అది అడవి జంతువు, మా పరిధి కాదంటారు. ఈలోగా పరిధి పట్టని పంది మరునాడు రాత్రి మళ్లీ వస్తుంది. నష్టం రాయించుకుందామంటే, చూడవలసినవారు వచ్చేసరికి పడిపోయిన మొక్కజొన్న ఎండి చొప్పవుతుంది. అది పంది పడేసిందో గాలి పడేసిందో తేల్చడం ఎలాగని అప్పుడు మీమాంస.

మా చిన్నాన్న కొడుకు మంచె చూశాను. మనిషిన్నర ఎత్తు ఉంటుంది. ఎక్కితే బాదులు కిర్రుమంటాయి. పైన గోనెపట్టా, పాత దుప్పటి, టార్చిలైటు, మంచినీళ్ల సీసా. మంచె కాలి నుంచి ప్లాస్టిక్ తాడు ఒకటి పొలం అవతలి గట్టు దాకా పోతుంది. అక్కడ కర్రకు రెండు నూనె డబ్బాలు వేలాడతాయి, లోపల గులకరాళ్లు. ఇవతల తాడు లాగితే అక్కడ గలగల. తాడు ఇవతలి కొస కాలి బొటనవేలికి కట్టుకుంటాడు. కునుకు పట్టి కాలు జారితే డబ్బా మోగుతుంది, పందీ ఉలిక్కిపడుతుంది, తనూ ఉలిక్కిపడతాడు. పగలు మళ్లీ నీళ్లు పెట్టాలి, మందు కొట్టాలి, కూలీలను పిలవాలి. ‘రాత్రి కాపలా ఉండవలెను’ అన్న క్రియకు పగటి పని ఎవరు చేయవలెనో సూత్రం చెప్పలేదు. స్పష్టం కాబోలు.

తాత్పర్యం

సూత్రకారుడి హృదయం ఇది. పంది ఉంది, అది నీది. మంచె కావాలి, అది నువ్వు కట్టుకో. ఎక్కడ కట్టాలో నీకు తెలుసు. జాగ్రత్తగా ఉండు. మేము చెప్పాము.

ఈ కరపత్రాలు రాసేవారికి నా మనవి. మళ్లీ అచ్చు వేయించేటప్పుడు ‘అనువైన ప్రదేశమున’ తీసేయండి. ఆ చోట గాలి ఎటు పోవాలో, పంది ఏ డొంకలోంచి వస్తుందో ఎలా చూసుకోవాలో, రాత్రి దిగవలసి వస్తే ఏ దారిన దిగాలో రాయండి. మీకు తెలియకపోతే మంచె మీద కూర్చునేవాణ్ణి అడిగి రాయండి, చెబుతాడు. కింద 11వ సెక్షన్ కింద అర్జీ ఎవరికి పెట్టాలో, నష్టం ఎన్ని రోజుల్లో వచ్చి చూస్తారో కూడా వేయండి. కాగితానికి రెండో వైపు ఎలాగూ ఖాళీగానే ఉంటోంది.